కంటికి రెప్ప, రెప్పకు లత్తుక

మా వికారాబాదు వైపు చురక అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి నోటితో పెట్టేది. ఆ విద్యలో మా ఇంటి ఆడవాళ్లందరం పట్టభద్రులమే. రెండోది నిజంగానే కాల్చి పెట్టేది. కామెర్లొస్తే చేతి మీద చురక, కడుపునొప్పి వదలకపోతే పొట్ట మీద చురక. మా నాయనమ్మ ముంజేతి మీద పావలా కాసంత మచ్చ ఒకటి ఉండేది. ముసలితనంలో ఆవిడ చెయ్యంతా ముడతలు పడిపోయినా ఆ మచ్చ మాత్రం నున్నగా, బిగువుగా ఉండేది. నేను దాన్ని వేలితో తడుముతూ ఉంటే, “కాలిస్తే తోలు బిగుస్తదే బిడ్డా” అనేది. కామెర్లు చాలావరకు పథ్యంతోనూ విశ్రాంతితోనూ వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం చురక కొట్టేస్తుంది. అయితే నాయనమ్మ అన్న ఆ ఒక్క మాటలో అబద్ధమేమీ లేదు. కాలిస్తే తోలు బిగుస్తుంది.

ఆ మాటనే ఇప్పుడు హైదరాబాదులో చల్లటి గదుల్లో కూర్చోబెట్టి, గాజు గ్లాసులో నీళ్లిచ్చి, ఇంగ్లీషులో చెబుతున్నారు. దాని పేరు స్కిన్ టైటెనింగు. కళ్ల కింద వదులైన చర్మానికి ఒక యంత్రం మొనను ఆనించి లోపలికి వేడి పంపిస్తారు. కత్తి పెట్టరు, కుట్లు వెయ్యరు. రెప్పపాటు దూరంలో ఉన్న కన్ను సంగతి ఏమిటన్నదే నాకు పట్టుకున్న సందేహం.

ఈ సందేహం ఊరికే రాలేదు. తాండూరులో మావారి అక్కయ్య ఉంది. మనిషి దొడ్డది, కంది చేలూ నాపరాళ్ల వ్యాపారమూ రెండూ ఒంటిచేత్తో చూసుకుంటుంది. పైరెప్పలు జారిపోయి, కింద సంచుల్లా తయారైతే ఆ మధ్య హైదరాబాదు వెళ్లి ఆపరేషను చేయించుకొచ్చింది. బాగానే కుదిరింది. పది రోజులకే కుట్లు విప్పేశారు. ఇంకా రెండు నెలలైనా కాకుండానే ఎవరో పుణ్యాత్మురాలు చెవిలో ఊదింది, మిగిలిన సన్న ముడతలకు వేడి పెట్టించుకుంటే కన్నెపిల్లలా ఉంటావని.

“ఏంగాదంటుర్రు. సేఫే అంటుర్రు. నువ్వు కతలు రాస్తవు గదా, గా సేఫంటే ఏందో జర చూసి చెప్పు” అంది ఫోనులో.

నేను చదివింది బీయే. అందులో చరిత్ర ఒక సబ్జెక్టు. వైద్యం నాకు తెలియదు. కానీ చరిత్ర చదివినవాళ్లకు ఒక అలవాటు పోదు. ఎవరైనా సేఫే అంటే, ఈ మాట ఇంతకుముందు ఎవరెవరు అన్నారో, అన్న తరవాత ఏమైందో వెతకబుద్ధవుతుంది.

వెతుకుతూ వెతుకుతూ సుశ్రుతుడి దగ్గర తేలాను. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకు ఒక అధ్యాయమంతా ఉంది. అనువాదంలోనే చదివాను లెండి. చర్మాన్ని కాల్చడానికి పిప్పళ్లు, మేక పెంటికలు, ఆవు పన్ను, బాణపు మొన, శలాక అని సామగ్రి చెబుతాడు. ఒక్కొక్కటి ఒక్కో రకంగా వేడిని పట్టుకుంటుంది, ఒక్కో లోతుకు దింపుతుంది. ఏ రుతువులో చెయ్యకూడదో చెబుతాడు. పిల్లలకు, ముసలివాళ్లకు, భయస్థులకు, పిత్తశరీరులకు వద్దంటాడు. చర్మం కాలిందని ఎలా తెలుస్తుందో కూడా రాశాడు. చిటచిటమని చప్పుడు, కమురు వాసన, మూడోది త్వక్సంకోచం. అంటే చర్మం ముడుచుకుని బిగుసుకుపోవడం. ఈనాడు డబ్బు పెట్టి కొనుక్కుంటున్న బిగువు ఆయన పుస్తకంలో కాలిన గుర్తుల పట్టీలో ఉందన్నమాట!

అసలు నన్ను ఆపేసిన వాక్యం అది కాదు, ఇంకొకటి. రెప్పల జబ్బుల్లో వెంట్రుకల కుదుళ్లను కాల్చాల్సి వస్తే ముందు కంటిని తడిపిన అలక్తకంతో కప్పమంటాడు. అలక్తకమంటే లత్తుక. పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెట్టే ఎర్రటి లక్కరసం పట్టించిన దూది. మన అమ్మమ్మల పెట్టెల్లో పసుపు, కుంకుమల పక్కన ఉండే ఆ వస్తువును ఆయన కనుగుడ్డుకు కవచం చేశాడు. అదీ పొడిగా కాదు, తడిపి. తడి వేడిని తాను పీల్చుకుంటుంది, వెనక ఉన్నదానికి అందనివ్వదు. ఆయన కాల్చింది అందం కోసం కాదనుకోండి. రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని గీరుతుంటే, ఆ బాధ వదిలించడానికి. అయినా ఎంత మంచి పనికైనా సరే, నిప్పు రెప్ప దాకా వచ్చినప్పుడు మొదట కంటిని మూయాలన్న ఆలోచన అంత పాతది.

కాలితే ఎందుకు బిగుస్తుందో సుశ్రుతుడు చెప్పలేదు. తోళ్లు పదునుచేసేవాళ్లకు మాత్రం ఆ రహస్యం బాగా తెలుసు. పచ్చితోలును నీళ్లలో వేసి మెల్లగా కాగబెడితే అరవై, అరవై అయిదు డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. చర్మంలో కొలాజెన్ అనే పీచు ఉంటుంది. పురిపెట్టిన తాడులా ఉండే ఆ పీచు ఆ వేడికి పురి విడి పొట్టిదైపోతుంది. మనిషి చర్మంలోనూ ఉన్నది ఆ పీచే. కొంచెం పీచు పొట్టిదైతే వెంటనే కాస్త బిగువు కనిపిస్తుంది. ఆ దెబ్బను మాన్పుకోవడానికి శరీరం తరవాతి నెలల్లో కొత్త పీచు అల్లుకుంటుంది, దాంతో ఇంకాస్త బిగువు. మొత్తం వైద్యమంతా ఇంతే. కొలిచి పెట్టిన గాయం. కొలతలోనే ఉంది కథంతా.

నిప్పు లేకుండా వేడి పుట్టించే దారి ఫ్రాన్సులో దార్సోన్వాల్ చూపించాడు, 1890 ప్రాంతంలో. కరెంటు దిశను సెకనుకు వేల వేల సార్లు మారిస్తే కండరం కొట్టుకోదు, షాకు తగలదు, ఒట్టి వేడి మాత్రం పుడుతుంది. 1926లో అమెరికాలో బోవీ చేసిన యంత్రంతో కుషింగ్ అనే మెదడు వైద్యుడు రక్తనాళాలను మాడ్చి నెత్తురు ఆపాడు. ఇంకో దారి లేజరు. ముడతల చర్మాన్ని పొరగా లేపేసే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో కనిపెట్టినవాడు మనవాడే, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆయన కనిపెట్టిన కిరణంతో ముడతలు తీస్తారని అప్పుడు ఆయన కలగని ఉండడు! 2002లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కళ్ల చుట్టూ ముడతలకు థర్మేజ్ అనే రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రాన్ని అనుమతించింది. 2009లో కనుబొమలను పైకి లేపడానికి అల్ట్రాసౌండు యంత్రం వచ్చింది.

ఈ యంత్రాల్లో ఒక తెలివి ఉంది. తాండూరులో నాపరాయి కోసేచోట నిలబడి చూసినవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. గిర్రున తిరిగే రంపం మీద నీళ్లు ధారగా పడుతూనే ఉంటాయి. నీళ్లు ఆగాయా, రంపమూ వేడెక్కుతుంది, రాయీ పగులుతుంది. ఇక్కడా అంతే. లోపలి పొరకు వేడి పంపుతూనే మొన దగ్గర చల్లని వాయువు చిమ్మి పైచర్మాన్ని కాపాడతారు. అది సరిగ్గా పనిచెయ్యకపోతే పైన కాలుతుంది. మన చామనచాయ వాళ్లకు కాలిన చోట నల్లమచ్చ పడి నెలల తరబడి ఉండిపోతుంది.

మొదట్లో ఈ వేడిని బలంగా ఒకటి రెండుసార్లే పెట్టేవారు. కొందరికి చర్మం కింది కొవ్వు కరిగి గుంటలు పడ్డాయి. అందం కోసం వెళ్లి బుగ్గన గుంటతో తిరిగి రావడం ఎంత ఉసూరుమనే పని! ఆ తరవాత పద్ధతి మార్చారు. తక్కువ వేడి, ఎక్కువసార్లు. ఎంత వేడి పెట్టాలన్నది యంత్రం ముల్లును బట్టి మాత్రమే కాదు, పడుకున్న మనిషిని అడిగి నిర్ణయిస్తారు. వెచ్చగా ఉందా, చురుక్కుమంటోందా, ఓర్చుకోగలరా అని. చర్మానికి నలభై మూడు, నలభై అయిదు డిగ్రీల దగ్గరే నొప్పి తెలుస్తుంది. అంటే మంట రాకముందే మన నరం కేక పెడుతుంది. ఇన్ని వేల రూపాయల యంత్రానికి చివరికి కొలబద్ద మన “అబ్బా!” అన్న మాటే.

అయితే ఆ కొలబద్ద చర్మానికే ఉంది, కంటి లోపల లేదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ నక్షత్రశాల దగ్గర పట్టపగలే చీకటైంది. నేనప్పుడు మా అమ్మ కడుపులో ఉన్నాను. తలుపులూ కిటికీలూ బిగించి, తనను కదలకుండా పడుకోబెట్టారని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! కడుపులో పిల్లకు మొర్రి వస్తుందన్న భయం మాట ఎలా ఉన్నా, గ్రహణాన్ని తేరిపార చూడవద్దన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. చూస్తే కంటి వెనక పొర కాలుతుంది, కాలుతున్నట్టు తెలియను కూడా తెలియదు. ఆ పొరకు నొప్పి చెప్పే నరాలు లేవు. 1945 గ్రహణం చూసి అలా కళ్లు కాల్చుకున్నవాళ్లను పరీక్షించిన మేయర్ ష్విక్కెరాత్ అనే జర్మన్ డాక్టరు, అదే కాల్పును కొలిచి పెడితే ఊడిపోయే పొరను అతికించవచ్చు కదా అని ఆలోచించి కంటివైద్యంలో కొత్త దారి వేశాడు. ఒకే వేడి ఒకరిని గుడ్డి చేసింది, ఇంకొకరి చూపు నిలబెట్టింది.

కంటి కటకం సంగతి ఇంకా దయనీయం. దానికి నరాలూ లేవు, రక్తనాళాలూ లేవు. చర్మానికి వేడి తగిలితే పారే నెత్తురు కొంత వేడిని మోసుకుపోతుంది. కటకం నుంచి మోసుకుపోయేవాళ్లు లేరు. ఏళ్ల తరబడి కొలిమి ముందు గాజు ఊదే పనివాళ్లకు శుక్లాలు రావడం ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గుర్తించి, వృత్తిరోగంగా పరిహారం ఇచ్చారు. ఈమధ్య కాలంలో కంటికి బాగా దగ్గరగా అల్ట్రాసౌండు పెట్టడం వల్ల కటకం మసకబారిన ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఆ ధ్వని ఒకచోట కేంద్రీకరించి కాలుస్తుంది. గురి అంగుళంలో పావువంతు తప్పితే చాలు. అంచేత కంటిగూడు ఎముక అంచుకు లోపలి వైపు దాన్ని వాడవద్దన్నది నియమం. 2025 అక్టోబరులో ఎఫ్‌డీఏ ఇంకో హెచ్చరిక చేసింది. సూదులు గుచ్చి రేడియో ఫ్రీక్వెన్సీ పెట్టే పద్ధతిలో కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం చూస్తున్నామని.

ఇక సేఫ్ అన్న మాట సంగతి. ఆ మాటను ప్రపంచమంతా వినేలా ఒకసారి మన హైదరాబాదులోనే పలికారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఎడ్వర్డ్ లారీ అనే దొర హైదరాబాదు మెడికల్ స్కూలుకు పెద్ద. నొప్పి తెలియకుండా ఆపరేషను చేసే క్లోరోఫారం మీద ఆయనకు ప్రాణం. ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు, గుండెకేమీ కాదని ఆయన నమ్మకం. 1888లో ఒక కమిషను వేసి కుక్కల మీద పరీక్షించి, అవును, భయం లేదన్నారు. లండనులో లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లిచ్చి 1889లో లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పండితుణ్ణి రప్పించింది. బొంబాయి బండికి అప్పట్లో వాడి మీదుగానే దారి. ఆ లైను 1874లో పడింది. అంటే ఆ దొర మా తాండూరూ, మా వికారాబాదూ దాటుకునే వచ్చి ఉండాలి. మా ఊరి పేరు వినగానే “వికారమా?” అని నవ్వే బంధువులకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. అది వికారం కాదు, వికార్. ఉర్దూలో మర్యాద, హుందాతనం అని అర్థం. 1893లో నిజాముకు ప్రధాని అయిన వికారుల్ ఉమ్రా పేరు అది.

రెండో కమిషను వందల కుక్కల మీద, కోతుల మీద పరీక్షలు చేసి మళ్లీ అదే తేల్చింది. ముందు ఊపిరి ఆగుతుంది, తరవాతే గుండె అని. 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద చేసి చూపించాడు. క్లోరోఫారం చాలీచాలకుండా ఇచ్చినప్పుడు ఊపిరితో సంబంధం లేకుండా గుండె ఉన్నట్టుండి అదిరి ఆగిపోగలదని. హైదరాబాదు వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసినంతవరకు నిజమే చెప్పారు. తాము చూసిన తీరుకు వర్తించే మాటను అన్ని సందర్భాలకూ వర్తించినట్టు చెప్పారు, అంతే.

మా వదినె విషయంలోనూ సరిగ్గా ఈ పేచీయే ఉంది. ఈ యంత్రాలను అనుమతించిన పరీక్షలు ఎక్కువగా మామూలు చర్మం మీద చేసినవి. కొత్తగా కోసి కుట్టిన రెప్ప మామూలు చర్మం కాదు. రెప్ప చర్మం అసలే మన ఒంట్లోకెల్లా పలచనిది, మిల్లీమీటరు మందం కూడా ఉండదు. కోసినప్పుడు సన్న నరాలు తెగి, అవి మళ్లీ మొలిచేదాకా అక్కడ తిమ్మిరిగా ఉంటుంది. కొందరికి వారాలు, కొందరికి నెలలు.

నేను ఫోను చేసి, “వదినా, రెప్ప మీద వేలితో తాకితే తెలుస్తోందా?” అని అడిగాను.

“ఎక్కడ తెలుస్తది పిల్లా! మొకం కడుక్కుంటే నీళ్లు తగిలినట్టే అనిపియ్యదు. ఎవరి రెప్పనో అతికిచ్చినట్టున్నది” అంది.

చురుక్కుమంటే చెప్పండి అనే వైద్యానికి చురుకు తెలియని రెప్పతో వెళ్లడమంటే, దుకాణంలో ముల్లు విరిగిన తక్కెడతో బంగారం తూయించుకోవడమే. ఆ ముక్క ఆవిడకు చప్పున ఎక్కింది. రోజూ తూకాల మధ్య బతికే మనిషి కదా! ఆపరేషను చేసిన డాక్టరుగారి దగ్గరికే మళ్లీ వెళ్లి అడిగింది. ఆయన చెప్పింది నాకు తన భాషలో చెప్పింది. వాపు పూర్తిగా తియ్యాలి, మచ్చ మెత్తబడాలి, స్పర్శ తిరిగి రావాలి, కన్ను పూర్తిగా మూతపడాలి. అందుకు కొన్ని నెలలు పడుతుంది, అప్పుడు చూద్దాం, అప్పటికి ముడతలు ఉంటే కదా అన్నారట. మానుతున్న మచ్చ దానంతటదే కుంచించుకుంటూ ఉంటుంది. దాని మీద వేడితో ఇంకా లాగితే కిందిరెప్ప కంటికి అంటిపెట్టుకోక బయటికి తిరగవచ్చు. అప్పుడు కన్నీరు నిలవక చెంప మీదికి కారుతుంది, కన్నేమో ఎండిపోతుంది. తొంభైల్లో లేజరుతో ముడతలు తీసే మోజు పెరిగినప్పుడు, అంతకుముందు రెప్పల ఆపరేషను అయినవాళ్లలో ఈ బాధ ఎక్కువని వైద్యులు గమనించారు. లేజరుతో పైపొర తీయించుకున్నవాళ్లూ ఆ చర్మం గట్టిపడే దాకా ఆగాలి. కళ్ల కింద గుంటలకు జెల్లు నింపించుకున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండెలో పేస్‌మేకరు ఉన్నవాళ్లకు రేడియో ఫ్రీక్వెన్సీ అసలే కూడదు. ఇవన్నీ అడగకుండానే పడుకోబెట్టే చోట నేనైతే చెప్పులు కూడా విప్పను.

అన్నీ సరిపడ్డాక, స్పర్శ తిరిగొచ్చాక, చేయించుకుంటే కంటికి ఏం చేస్తారు? చుక్కల మందు వేసి మొద్దుబారనిచ్చి, రెప్ప కింద నల్లగుడ్డును కప్పేలా చిన్న దొప్పలాంటి తొడుగు దూర్చుతారు. కాంటాక్టు లెన్సు కంటే పెద్దది. ఇక్కడ ఒక తమాషా ఉంది. లేజరుకు వాడే తొడుగు లోహానిది. కాంతి దాని మీద పడి ఆగిపోతుంది, ప్లాస్టిక్కయితే కరిగి కంటికి అంటుకుంటుంది. రేడియో ఫ్రీక్వెన్సీకి వాడేది ప్లాస్టిక్కు. లోహమైతే కరెంటును తానే లాక్కుని వేడెక్కుతుంది. ఒకదానికి కవచం, ఇంకొకదానికి నిప్పు. అంచేత కంటికి తొడుగు పెడతారా అని అడిగి ఊరుకుంటే చాలదు, దేనితో చేసింది అని కూడా అడగాలి. ఇలా అడిగిందని ఎవరైనా నవ్వితే, లేచి వచ్చెయ్యడమే మేలని మా వదినెకు చెప్పాను. ఆ దొప్ప లోపలివైపు నల్లగుడ్డు గీరుకోకుండా ఆయింట్‌మెంటు రాస్తారు. సుశ్రుతుడి లత్తుక తడిగా ఉన్నట్టే ఇదీ పొడిగా ఉండకూడదు. పని అయిపోయి తొడుగు తీశాక ఆ జిడ్డుకు కాసేపు చూపు అలికినట్టుంటుంది. సికింద్రాబాదు స్టేషనులో తాండూరు వెళ్లే బండి ఏ ప్లాట్‌ఫారమ్ మీద ఉందో బోర్డు చదివి చెప్పే మనిషి ఒకరు తోడుండాలి.